కోరెల్ డ్రా, ఆటోకాడ్ నేర్చుకోవడానికి ఇన్‌స్టిట్యూట్ మేలా, యూట్యూబ్ చాలా?

డిగ్రీ అయిపోయింది, కార్డులు డిజైన్ చేసే కోరెల్, ఇంటి ప్లాన్లు గీసే ఆటోకాడ్ నేర్చుకుని పనిలో పడాలి, ఇన్‌స్టిట్యూట్‌లో చేరనా, యూట్యూబ్ చూసుకోనా అని అడిగారు. నన్నడిగితే రెండూ వద్దు. జనం కిటకిటలాడే జిరాక్స్, డీటీపీ కొట్టు ఒకటి చూసుకుని ఆరు నెలలు జీతం మాటెత్తకుండా కూర్చోండి. నాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు మీద ఉన్న ఊరు. పదిహేనేళ్ళుగా పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, మధ్యమధ్య ఇంటి ప్లాన్లు, ఇదే నా తిండి.

నేనూ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళినవాణ్ణే లెండి. మూడు నెలలు. యాపిల్ పండు గీయించారు, బంతికి నీడ పెట్టించారు, గులాబీ రేకులకి మెష్ ఫిల్ అని రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసేలా నింపించారు. ఇన్నేళ్ళలో గులాబీ కావాలని ఒక్కడంటే ఒక్కడు కొట్టు మెట్టెక్కలేదు. మా ఊళ్ళో సగం పనులు రెండు భాషల్లో ఉంటాయి. కార్డుకి ఒక పక్క తెలుగు, తిప్పితే ఒడియా. ఆ సంగతి ఏ కోర్సులోనూ లేదు, ఏ వీడియోలోనూ లేదు.

మా దగ్గర తెలుగుకి "అను" అనే ఫాంట్లు, ఒడియాకి "ఆకృతి" ఫాంట్లు. పాత కోరెల్‌లో యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, నెట్‌లో ఉండే తెలుగు, పెడితే వత్తులు చెల్లాచెదురైపోతాయి, అందుకే ఇంకా వీటినే పట్టుకుని వేలాడుతున్నాం. ఇంగ్లీషు అక్షరాలుండే గళ్ళల్లో మన అక్షరాల ముక్కలు కూర్చోబెట్టిన ఫాంట్లివి. అవి లేని సిస్టంలో ఫైలు తెరిస్తే పెళ్ళికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు పిచ్చిగీతలు కనిపిస్తాయి. కాబట్టి ప్రెస్సుకి పంపేముందు అంతా సెలెక్ట్ చేసి కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసేస్తాం. ఇక అది అక్షరం కాదు, బొమ్మ. ఎక్కడ తెరిచినా చెదరదు. అలాగని దిద్దడానికీ లొంగదు.

నేను పనిలో చేరిన కొత్తలో పాతపట్నం అబ్బాయికీ మా ఊరి అమ్మాయికీ పెళ్ళికార్డు ఒకటి వచ్చింది. అందరూ చేసే పనే చేశాను. పాత కార్డు ఫైలు తెరిచి పేర్లు మార్చి, తేదీ మార్చి, కర్వ్స్ చేసి పెన్ డ్రైవ్‌లో వేశాను. సాయంత్రం కరెంటు పోయి వచ్చేసరికి ఫాంట్లున్న సిస్టంలో కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఢామ్మంది. రాత్రి ఎనిమిదింటికి అమ్మాయి తండ్రి ప్రూఫు కాగితం పట్టుకుని వచ్చారు.

"బాబూ, తారీకు బాగానే ఉంది గానీ ఆ రోజు బుధవారం కదేటి? ఆదివారం అని ఏసీసినావు."

పాత కార్డులోని వారం మార్చకుండా అలాగే ఉండిపోయింది. పొద్దున్న మొదటి బస్సుకి ఫైలు వెళ్ళిపోవాలి. రెండో సిస్టంలో కోరెల్ ఉంది, అనూ లేదు, ఆకృతీ లేదు. "ఒక్క మాటే కదా, మార్చీ బాబూ" అని ఆయన బల్ల మీద కూర్చున్నారు.

అప్పుడు కార్డు అడుగున "బంధుమిత్రుల అభినందనలతో" అన్న లైను కంటపడింది. బుధవారానికి కావాల్సిన సామానంతా అందులోనే ఉంది! ఆ లైను కాపీ తీసి కంట్రోల్ కె కొట్టాను. బ్రేక్ అపార్ట్ అన్నమాట. అక్షరాలు విడిపోయాయి గానీ వాటి పొట్టలన్నీ నల్లగా పూడిపోయాయి. గుండె జారింది. తర్వాత తెలిసింది, ఒక్కో అక్షరం ముక్కలు కలిపి కంట్రోల్ ఎల్ కొడితే పొట్ట మళ్ళీ తెరుచుకుంటుందని. బ తీసుకున్నాను. ధులోంచి కొమ్ము ఊడదీసి బకి తగిలించాను. మిగిలిన ధని దాని పక్కన నిలబెట్టాను. "ఆది" తీసేసి, అడుగు లైను అక్షరాలు చిన్నవి కాబట్టి పక్కనున్న "వారం" ఎత్తుకి సాగదీశాను. ఒడియా పక్క ఇంకా సులువు. అక్కడ బుధవారం అంటే "బుధబార". ఆదివారం అన్న "రబిబార"లో బ ఉండనే ఉంది, వధువు అన్న "బధూ"లో ధ దొరికింది, "శుభ"లో కొమ్ము దొరికింది. పదకొండున్నరకి ఆయన్ని ఇంటికి పంపాను.

మర్నాడు ఓనరు వచ్చారు. కుర్రతనంలో సీసం అచ్చులు ఏరి కంపోజింగ్ చేసిన మనిషి. కళ్ళజోడు పైకెత్తి కార్డు చూసి, "ఒరే, ఈ ధ బంధుమిత్రులదిరా" అన్నారు. నేనింకా నోరు విప్పనేలేదు.

అప్పట్నుంచి ప్రతి పనికీ రెండు ఫైళ్ళు దాస్తాను, ఒకటి అక్షరాలది, ఒకటి కర్వ్స్ చేసింది. ఫాంట్ల ఫోల్డరు కూడా పెన్ డ్రైవ్‌లో పడి ఉంటుంది. ఇంకోటి, రంగుకో ప్లేటు పెట్టి అచ్చేసే ఆఫ్‌సెట్ ప్రెస్సుకి వెళ్ళే నల్ల అక్షరాలు ఒక్క నలుపు ప్లేటులోనే ఉండాలి. ఫోటోషాప్‌లో ఆర్‌జీబీ, అంటే స్క్రీన్ రంగుల, నలుపుతో చేసుకొస్తే అది నాలుగు ప్లేట్లకీ పాకుతుంది, ప్రెస్సులో వెంట్రుకవాసి జరిగిందంటే అక్షరం చుట్టూ రంగుల అంచు. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఫోన్‌లో డిజైన్ చేసుకొచ్చే కుర్రాళ్ళకి ఎక్కదు. "స్క్రీన్ మీద బాగుంది కదా అన్నా" అంటారు.

ఆటోకాడ్ కూడా ఇంతే. లైన్, ట్రిమ్, ఆఫ్‌సెట్ లాంటి కమాండ్లు వారం రోజుల్లో వచ్చేస్తాయి. ఆర్కిటెక్చరల్ యూనిట్లలో 30 కొట్టి అడుగుల గుర్తు మరిచిపోతే 30 అంగుళాల గది వస్తుందని ఒకసారి తిట్లు తింటే వచ్చేస్తుంది. కొలత ఎవరిదో తెలుసుకోవడం మాత్రం అంత త్వరగా రాదు. మొన్న హైదరాబాదులో కోర్సు చేసిన కుర్రాడు మా దగ్గర చేరాడు. రెండు గుంటల స్థలం అనగానే 2178 చదరపు అడుగులకి ప్రహరీ గీసేశాడు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకి 1089 చదరపు అడుగులు. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలే, అంటే గుంట 1742 పైచిలుకు. స్థలంలో మూడో వంతు పైగా గోడ బయటే ఉండిపోయింది! అదే సెంట్లలో చెప్పి ఉంటే గొడవే లేదు, మన సెంటూ ఇక్కడి వాళ్ళు డిసిమిల్ అనే కొలతా ఒకటే, 435.6 చదరపు అడుగులు. శ్రీకాకుళం వైపు గుంట అంటే ఆడపిల్ల, అది వేరే గొడవ.

ఆ కుర్రాడు ఇప్పుడు సిస్టం ఆన్ చెయ్యకముందే టేపు పట్టుకుని సైటుకి వెళ్తున్నాడు. కోర్సులో టేపు చూపించలేదట.