బండి దగ్గరే ఉండు తల్లీ

చి.ల.సౌ. చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ పెద్దమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది.

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వూ అల్లుడూ డిసెంబర్ సెలవుల్లో ఒమన్‌లోని వహీబా ఇసుక ఎడారిలోకి వెళ్తున్నారని, అక్కడే రెండు రాత్రులు డేరా వేసుకుని ఉంటారని, కొత్తగా కొన్న ఫోర్ వీల్ పికప్‌ను నువ్వే నడుపుతావని చెప్పాడు. విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మేము జగిత్యాల నుంచి ఒమన్‌కు పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లం. ఆ ఇసుకలో మాకు పని తప్ప ఇంకేమీ కనిపించలేదు. మన ఇంటి ఆడపిల్ల అదే దేశంలో ఇంజనీరై, తన సంపాదనతో కొన్న బండిలో, కేవలం చూడాలనిపించి అక్కడికి వెళ్తోందంటే నాకు ఎంత గర్వంగా ఉందో నీకు చెప్పలేను. ఊళ్లో నలుగురికీ చెప్పాను కూడా. కానీ మీ నాన్న మాటల మధ్య ఒక్కటి విని ఉలిక్కిపడ్డాను. ఒక్క బండిలోనే వెళ్తున్నారట.

అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే సగం విని, "సరే పెదనాన్నా, జాగ్రత్తగా ఉంటాం" అని పెట్టేస్తావు.

ముందు ఆ సంగతి తేల్చుకో. రెండో బండి దొరకకపోతే ప్రయాణం వాయిదా వేసుకోండి. ఇసుకలో ఇరుక్కున్న బండిని పార పట్టుకుని గంటసేపు తవ్వినా రాకపోవచ్చు. వెనుక నుంచి ఇంకో బండి పట్టీ కట్టి లాగితే రెండు నిమిషాల్లో వస్తుంది. మస్కట్‌లో ప్రతి శుక్రవారం ఇసుకలోకి వెళ్లే మనవాళ్లు ఉంటారు. ఎవరినైనా అడుగు. తెలియనివాళ్లను అడగాలంటే నీకు మొహమాటమని నాకు తెలుసు. చిన్నప్పుడు పక్కింటికి వెళ్లి మజ్జిగ అడగడానికి కూడా గుమ్మం దగ్గరే నిలబడిపోయేదానివి. ఈ ఒక్కసారికి ఆ మొహమాటం వదిలేయి.

మిగతా సామాను సంగతి నీకు తెలియనిది కాదు. డేరా, టార్చీలు, మందుల పెట్టె, రాత్రి చలికి స్వెటర్లు, అదనపు టైరు. జాక్ కింద వేయడానికి వెడల్పాటి చెక్క పలక మాత్రం మరిచిపోకు; అది లేకపోతే జాక్ ఇసుకలోకి దిగుతుంది తప్ప బండి పైకి లేవదు. డీజిలు దారిలోని ఊళ్లు ఇబ్రాలో గానీ బిదియాలో గానీ నిండా పోయించుకో. ఇసుకలో రోడ్డు మీద కంటే ఎంతో ఎక్కువ తాగుతుంది. పటాన్ని ఫోన్‌లోకి ముందే దించుకో, దిబ్బల మధ్య సిగ్నల్ ఉండదు.

నీళ్లు. మనిషికి రోజుకు 5 లీటర్లు తాగడానికే. రెండు రోజుల ప్రయాణానికి నాలుగు రోజుల నీళ్లు. అన్నీ ఒకే డ్రమ్ములో పోయవద్దు. అది పగిలితే మొత్తం పోతుంది. నాలుగైదు డబ్బాల్లో పోసి బండిలో వేర్వేరు చోట్ల పెట్టు. చలికాలమే కదా అని అల్లుడు అంటాడేమో, వినకు.

ఇక టైర్లు. నేను మెకానిక్‌ను కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, విసుక్కోకు. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉండే గాలిని, తారు వదిలి ఇసుకలో దిగేముందే 18కి దించు. నాలుగు చక్రాలకూ సమానంగా, కొలిచి చూసి. గాలి తగ్గితే టైరు పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోట పడుతుంది, అందుకే దిగబడదు. ఇరుక్కుంటే 15కి దించవచ్చు. 12 కంటే కిందికి వద్దు, మలుపులో టైరు రిమ్ నుంచి ఊడివస్తుంది. తిరిగి రోడ్డెక్కే చోటే గాలి నింపుకో. తగ్గిన గాలితో వేగంగా వెళ్తే టైరు కాలి పగిలిపోతుంది. అల్ మింతరిబ్‌లో టైర్ల దుకాణాలు ఉన్నాయి, అయినా చిన్న కంప్రెసర్ బండిలో ఉండాలి.

నడపడంలో నీకు ఇబ్బంది ఏమీ ఉండదు. చేయి నిదానం నీకు మీ తాత నుంచి వచ్చింది. దిబ్బ ఎక్కేటప్పుడు తిన్నగా ఎక్కు, దిగేటప్పుడు తిన్నగా దిగు. వాలు మీద పక్కకు తిప్పితే బండి దొర్లుతుంది. అవతలి వైపు ఏముందో కనిపించకపోతే ముందు దిగి నడిచి వెళ్లి చూసి రా. గాలి వచ్చి తగిలే వైపు దిబ్బ నిదానంగా లేస్తుంది, అవతల గోడలా పడిపోతుంది. బ్రేకు గట్టిగా తొక్కకు, ముందు ఇసుక కుప్పపడి అడ్డం వస్తుంది. ఆపాలంటే బండి ముక్కు పల్లం వైపు ఉండేట్టు ఆపు. చక్రం తిరుగుతున్నా బండి కదలడం లేదని తెలిసిన మరుక్షణం యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయి. కొత్తవాళ్లంతా అక్కడే ఇంకా తొక్కి ఇరుసు దాకా పాతేస్తారు. దిగి, చక్రాల ముందూ వెనుకా తవ్వి, బండి కడుపు కింద ఇసుక తీసి, గాలి ఇంకొంచెం దించి, వచ్చిన జాడలోనే వెనక్కి రా. లాగాల్సి వస్తే పట్టీని ఛాసిస్‌కు ఉన్న కొక్కేనికి తగిలించు. ట్రెయిలరు తగిలించే గుండుకు ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టనివ్వకు. అది విరిగితే తుపాకీ గుండులా వచ్చి తగులుతుంది, ప్రాణాలు పోతాయి. వీడియోల్లో చూసి బండిని దిబ్బ మీద నుంచి గాల్లోకి ఎగరేయాలని ఎవరైనా అంటే, ఆ మనిషిని బిదియాలోనే దింపేసి వెళ్లు.

తొలిసారి కదా, బిదియా వైపు నుంచి ఉత్తరపు అంచున దిగండి, చాలు. అక్కడ దిబ్బలు ఉత్తర దక్షిణాలుగా బారులు తీరి ఉంటాయి, మధ్య పల్లాల్లో బండ్ల జాడలు ఉంటాయి, దగ్గర్లో విడిది క్యాంపులు ఉంటాయి. ఇసుకను అడ్డంగా దాటి సముద్రం దాకా వెళ్దామన్న ఆలోచన ఈసారికి వద్దు.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం ఏ మాట కోసం మొదలుపెట్టానో అక్కడికి వస్తాను.

మా సర్వే క్యాంపు హైమా ఊరికి పడమరన, రుబ్ అల్ ఖాలీ అనే మహా ఎడారి అంచున ఉండేది. నీళ్ల ట్యాంకరు నడిపే ఆయనది మన కోరుట్ల వైపు. నాకంటే పెద్ద, అందరం అన్నా అనేవాళ్లం. ఇసుకలో గేరు ఎప్పుడు మార్చాలో, చక్రం చప్పుడు మారితే ఏమని అర్థమో నాకు నేర్పింది ఆయనే. ఆగస్టు నెలలో ఒక సాయంత్రం బావి దగ్గర నీళ్లు నింపుకుని వస్తూ, గ్రేడరుతో చదును చేసిన దారి చుట్టు తిరుగుడని అడ్డదారి పట్టాడు. వెనుక చక్రాలు దిగబడ్డాయి. ఆ నేర్పున్న మనిషే, ఆలస్యమవుతోందన్న కంగారులో తొక్కుతూనే పోయాడు. ఇరుసు కూరుకుపోయింది. చీకటి పడింది.

దూరంగా ఒక చమురు బావి దగ్గర గ్యాసు మంట కనిపించింది. రాత్రిపూట ఎడారిలో వెలుగు ఎంత దూరాన ఉందో కంటికి తెలియదు తల్లీ. మధ్యలో చెట్టూ ఇల్లూ ఏదీ ఉండదు, దేన్ని చూసి లెక్క వేసుకుంటావు? గంట నడక అనుకున్నాడు. అది 30 కిలోమీటర్లకు పైనే. తన వెనుక ట్యాంకరు నిండా నీళ్లున్నాయి. ఆ నీళ్లను వదిలేసి, ఒక్క సీసా పట్టుకుని నడిచాడు. తెల్లారేసరికి ట్యాంకరు చేరకపోతే క్యాంపులో నీళ్లుండవు, పైవాడు అరుస్తాడు, జీతం కోస్తారు, వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారు. ఊళ్లో అప్పు అలాగే ఉంది. ఆ భయమే ఆయన్ను నడిపించింది. ట్యాంకరులో ఆయన పక్కనున్న బలూచీ ముసలాయన మాత్రం రానన్నాడు. "బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు" అన్నాడట.

పొద్దున వెతకడానికి వెళ్లిన బండిలో నేనున్నాను. ట్యాంకరు దూరం నుంచే కనిపించింది. బలూచీ ఆయన దాని కింద నీడలో తలపాగా తడుపుకుని పడుకుని ఉన్నాడు. అన్న అడుగుల జాడ పట్టుకుని వెళ్లాం. చాలా దూరం తిన్నగా ఉన్నాయి. పల్లంలోకి దిగిన చోట, మంట కనిపించకుండా పోయి ఉంటుంది, కొంచెం కుడికి ఒరిగాయి. తెల్లవారాక మంట పగటి వెలుగులో కలిసిపోయి ఉంటుంది, అక్కడి నుంచి వంకరటింకరగా తిరిగాయి. ఒకచోట చెప్పులు కనిపించాయి. జతగా, పక్కపక్కన, ఇంటి గుమ్మం ముందు విడిచినట్టు. ఇంకొంత దూరంలో చొక్కా. ఎండదెబ్బ తగిలిన మనిషికి తానేం చేస్తున్నాడో తెలియదు. మధ్యాహ్నానికి అన్న దొరికాడు. ప్రాణం లేదు.

ఆ ట్యాంకరును రెండు బండ్లు కట్టి అరగంటలో బయటికి లాగాం. ఆలస్యం గురించి పైవాడు ఒక్క మాట కూడా అనలేదు.

నీ మీద అరిచేవాడు ఎవరూ ఉండరు. కానీ ఆదివారం ఆఫీసుందని, నలుగురూ ఏమనుకుంటారోనని, అల్లుడి ముందు చిన్నతనమని, ఏదో ఒక తొందర నీకూ పుడుతుంది. అప్పుడు నా మాట గుర్తుపెట్టుకో. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండు. దీపం కనిపించినా, ఊరు ఇక్కడే అనిపించినా, అల్లుడు "నేను వెళ్లి తెస్తాను" అన్నా సరే, ఎవరూ నడవకూడదు. బానెట్ ఎత్తి పెట్టండి, అది చూస్తే దూరం నుంచే బండి ఆగిపోయిందని తెలుస్తుంది. నీడలో కూర్చోండి. దాహమేస్తే నీళ్లు తాగండి, దాచుకోవద్దు. చెమట పట్టే పనులు మాత్రం చల్లబడే దాకా ఆపండి. పగలు ఏదైనా వాహనం కనిపిస్తే అద్దంతో ఎండను అటు మళ్లించు. మరీ అవసరమైతే అదనపు టైరుకు గాలి పూర్తిగా తీసేసి, బండికి దూరంగా తగలబెట్టు. నల్లటి పొగ చాలా దూరం కనిపిస్తుంది. సిగ్నల్ దొరికితే 9999, పోలీసులు.

దాని ముందు మిగతావన్నీ చిన్నవే అయినా, రాయకుండా ఉండలేను. సాయంత్రం నాలుగున్నరకే డేరా వేసేయండి, ఆ నెలలో చీకటి తొందరగా పడుతుంది. వాగు పల్లంలో వేయవద్దు. అక్కడ చుక్క పడకపోయినా కొండల్లో వాన పడితే నీళ్లు ఒక్కసారిగా వచ్చేస్తాయి. బూట్లు తొడిగే ముందు దులుపు, తేళ్లుంటాయి. చలి అని బొగ్గుల కుంపటి డేరాలోకి తీసుకువెళ్లకు. వాసన లేని ఆ విషపు గాలికి నిద్రలోనే పోయినవాళ్ల సంగతులు గల్ఫ్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. చలైతే ఇంకో దుప్పటి కప్పుకో. రాత్రి రోడ్డు మీద నడపవద్దు, ఒంటెలు అడ్డం వస్తాయి. వాటి కాళ్లు పొడవు, గుద్దితే ఒళ్లంతా అద్దం మీదికే వచ్చి పడుతుంది.

భయపెట్టేవే రాస్తున్నానని విసుక్కుంటున్నావేమో. అక్కడ నీకు నచ్చేది ఒకటుంది. ఇసుక అంచుల్లో గాఫ్ చెట్లు కనిపిస్తాయి. అవి మన జమ్మిచెట్లే. చుట్టూ గడ్డిపోచ కూడా లేని చోట పచ్చగా నిలబడి ఉంటాయి, వేళ్లు అంత లోతుకు పోతాయి. ఒక దసరాకు మా క్యాంపులో నిజామాబాదు, కరీంనగర్ వాళ్లం కలిసి దూరాన ఉన్న ఆ చెట్టు దగ్గరికి వెళ్లి ఆకు తెచ్చుకున్నాం. ఒకరి చేతిలో ఒకరు పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకున్నాం. మా ఒమానీ డ్రైవరు చేతిలోనూ పెట్టాం. ఎందుకని అడగలేదు, తలపాగాలో దోపుకున్నాడు. ఆ రోజు ఊరు గుర్తొచ్చి అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. నువ్వు ఆ చెట్టు చూసినప్పుడు ఒక్కసారి చేత్తో తాకు. కానీ దాని కింద డేరా వేయకు. ఒంటెలు ఆ నీడలోనే పడుకుంటాయి, మట్టి నిండా పిడుదులుంటాయి, కుడతాయి. కొమ్మ విరవకు. మంటకు కట్టెలు మస్కట్ నుంచే తీసుకెళ్లు.

ఇక నాకు కావలసింది ఒకటే. బయలుదేరే ముందు ఏ దారిన దిగుతారు, రాత్రి ఎక్కడ ఉంటారు, ఏ రోజు ఏ వేళకు రోడ్డెక్కుతారు, ఇవి కాగితం మీద రాసి మస్కట్‌లో నమ్మకమైన ఒకరి చేతిలో పెట్టు. ఆ కాగితం ఫొటో నాకు పంపు. ఇసుక దాటి బిదియాలో టైర్లకు గాలి కొట్టించుకునేటప్పుడు నాకు ఫోన్ చెయ్యి. నువ్వు రాసిన వేళ దాటి రెండు గంటలు గడిచినా ఫోన్ రాకపోతే నేను మస్కట్‌కు ఫోన్ చేస్తాను, వాళ్లు పోలీసులకు చెబుతారు. పెదనాన్న ఊరికే గోల చేశాడని తర్వాత నువ్వు తిట్టినా పడతాను. రెండో బండి ఎవరిదో మాత్రం ఈ వారంలోనే చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న