నగిషీ తుపాకి కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు నగిషీ చెక్కిన వించెస్టర్ 1873 లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ కింది పిడిని ఆడించి తూటా ఎక్కించే తుపాకి) ఒకటి కొనబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పసిపిల్ల తిరిగే ఇంట్లో తుపాకి ఏమిటని దాని బెంగ. పాతకాలపు పనితనం మీద నీకు మనసు పోయినందుకు నాకు లోలోపల గర్వంగానే ఉంది గానీ, అమ్మేవాడు చెప్పిన ధర విన్నాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకిని అమెరికా ఫెడరల్ చట్టం పురాతన వస్తువుగా చూస్తుంది. అయితే ఈ మోడల్ ఇరవయ్యో శతాబ్దంలోనూ తయారైంది కనుక పేరును కాక సీరియల్ నంబరును చూడు, మీ రాష్ట్రపు చట్టాన్ని విడిగా చదువుకో. కొన్నాక పాలిష్ మాత్రం పెట్టించకు.

ఇక అసలు సంగతి. వించెస్టర్ కంపెనీ పాత లెడ్జర్లు వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ ఫైరార్మ్స్ మ్యూజియంలో ఉన్నాయి. 1866 మోడల్‌కి 1,25,000 తరువాతి నంబర్ల వివరాలే మిగిలాయి గానీ, 1873 మోడల్ లెడ్జర్లు దాదాపు పూర్తిగా ఉన్నాయి. నంబరు పంపి రుసుము కడితే బ్యారెల్ గుండ్రమా ఎనిమిది పలకలా, ట్రిగ్గర్ ఏ రకం, గోదాము నుంచి ఎప్పుడు బయటికి వెళ్ళింది అన్నవి రాసి ఉత్తరం ఇస్తారు. మరో తుపాకుల కంపెనీ కోల్ట్ ఇచ్చే ఉత్తరాల్లో సరుకు ఎవరికి పంపారో ఉంటుంది. వించెస్టర్ ఉత్తరంలో సాధారణంగా ఆ పేరు ఉండదు. నిన్ను మోసగించడానికి ఆ ఖాళీ ఒక్కటి చాలు.

హ్యూస్టన్‌లో నాకొక ఆప్తమిత్రుడు ఉండేవాడు. అతను కొన్న 1873 రైఫిల్‌తో పాటు ఒక కథ వచ్చింది, ఒక ఫొటో వచ్చింది, నోటరీ ముద్రతో ఒక ప్రమాణపత్రం వచ్చింది: అమ్మినవాడి ముత్తాత ఏదో ఊళ్ళో షెరీఫ్ అనీ, ఊరివాళ్ళు చందాలు వేసుకుని చెక్కించి బహూకరించారనీ. మిత్రుడు ముందు డబ్బు కట్టి, తరువాత తీరిగ్గా కోడీకి రాశాడు. వచ్చిన ఉత్తరంలో బ్యారెల్, ట్రిగ్గర్ సరిపోయాయి, నగిషీ ప్రస్తావన లేదు. అంతమాత్రాన నకిలీ అనలేము, ఎందుకంటే న్యూయార్క్‌లో నిమ్ష్కే వంటి పనివాళ్ళు ఫ్యాక్టరీ బయట కూడా ఆ రోజుల్లోనే చెక్కారు. అందుకని ఇద్దరమూ భూతద్దం పెట్టి చూశాము. రిసీవర్ (ట్రిగ్గర్ పైనుండే ఇనప నడిమి భాగం) అంచులు చేతుల రాపిడికి అరిగి నున్నబడి ఉంటే, వాటి మీది పూలతీగల గీతలు మాత్రం పదునుగా ఉన్నాయి. తుప్పు తిన్న చిన్న గుంటల్లోకి కూడా ఉలి దిగి వెళ్ళింది, అంటే తుప్పు పట్టిన తరువాతే ఎవరో చెక్కారన్నమాట. తుపాకి అసలైనదే, నగిషీ కొత్తది. ఫొటోలోని మనిషి పట్టుకున్నది ఇదే తుపాకి అని చెప్పడానికి అందులో నంబరు కనబడదు; నోటరీ చూసింది సంతకాన్నే గానీ షెరీఫ్‌ను కాదు. అన్నిటికన్నా నాకు బాధ కలిగించినది, పాత పైపొరను చెక్కేయడం వల్ల దానికి సాదా తుపాకి ధర కూడా పలకకపోవడం.

స్థలం కొన్నప్పుడు మీ నాన్న లింకు డాక్యుమెంట్లు చూడకుండా సంతకం పెట్టాడా? ఇదీ అంతే. 1886 మోడల్ ఒకటో నంబరు రైఫిల్ 2016 వేలంలో పన్నెండు లక్షల డాలర్లకు పైగా పలికిందంటే కారణం, అపాచీ తెగ యోధుడు జెరోనిమో లొంగుబాటుతో ముడిపడిన అమెరికా సైన్యపు కెప్టెన్ లాటన్‌కు ఆల్బీ అనే మిత్రుడు ఇచ్చిన కానుకగా దాని కథ ఆ తుపాకికే అతుక్కుని ఉంది. నీకు చూపించే ప్రతి కాగితంలోనూ నీ తుపాకి నంబరు ఉందా అని అడుగు. ట్రిగ్గర్ వెనక అల్రిచ్ పేరు కనబడిందని పొంగిపోకు. ఆ అన్నదమ్ములు వించెస్టర్‌లో పనిచేసిన గొప్ప చెక్కడపు పనివాళ్ళే, కానీ పేరు గుద్దడం చెక్కడమంత కష్టం కాదు.

నీకు కోపం వచ్చినా ఒక మాట చెప్పాలి. బ్యారెల్ కింది గొట్టంలో పాత తూటా ఇరుక్కుని ఉండవచ్చు, లీవర్ కదిపితే అది పైకెక్కి పేలడానికి సిద్ధమవుతుంది. వచ్చినవాళ్ళకు చూపించే సరదాలో నువ్వు లీవర్ ఆడించడం, పాప పక్కనే నిలబడి ఉండడం నాకు కళ్ళకు కట్టినట్టు తోస్తోంది. తుపాకులు బాగుచేసేవాడి చేత గొట్టం విప్పించి చూపించాకే ఇంటికి తీసుకురా.

సీరియల్ నంబరు, రిసీవర్ రెండు పక్కలు, ట్రిగ్గర్ వెనక భాగం ఫొటోలు తీసి నాకు పంపు. కోడీ నుంచి ఉత్తరం వచ్చేదాకా బయానా కూడా ఇవ్వకు. అమ్మేవాడు ఆగలేనంటే వేరెవరికైనా అమ్ముకోనీ. మీ అమ్మకు నేను నచ్చచెబుతాను, అయితే తాళం పడే ఇనప బీరువా కొన్నానని నువ్వు చెప్పిన తరువాతే.

ఇట్లు,
మీ మామయ్య