సందేహాలు – సమాధానాలు: ‘మిథ్యా యంత్ర ప్రతిబింబం’ అనవచ్చా?

సందేహం: డెస్క్‌టాప్ వర్చువలైజేషన్ (ఒక కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తోనే మరికొన్ని కంప్యూటర్లను నడపడం) సాఫ్ట్‌వేర్లను పరీక్షించే టీమ్‌లో పనిచేస్తున్నాను. కొత్తగా చేరేవాళ్ల కోసం తెలుగులో చిన్న గైడు రాస్తూ ‘పునఃవినియోగ మిథ్యా యంత్ర ప్రతిబింబాలను ముందుగా సిద్ధపరచబడవలెను’ అని రాశాను. తోటివాళ్లు ఒకటే నవ్వు. ప్రతి మాటా నిఘంటువు చూసే రాశాను. తప్పెక్కడుంది? – ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషాలు రెండున్నాయి. అవి తేలిగ్గా తీరేవే. అసలు చిక్కు ‘ప్రతిబింబం’ దగ్గర ఉంది. మీరు అనువదించబోయింది ‘వర్చువల్ మెషీన్ ఇమేజి’ని, అంటే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్ డిస్కు మొత్తాన్నీ ఫైలుగా దాచిన నకలుని.

ముందు సంధి సంగతి. ‘పునః’ తర్వాత అచ్చు గానీ, గ, జ, వ లాంటి అక్షరాలు గానీ వస్తే విసర్గ రేఫ అవుతుంది: పునరుద్ధరణ, పునర్జన్మ, పునర్వినియోగం. క, ప వస్తే విసర్గ అలాగే నిలుస్తుంది: పునఃప్రారంభం, పునఃపరిశీలన. కాబట్టి ‘పునఃవినియోగం’ తప్పు. సరిదిద్దినా ఆ మాట ఇక్కడ అక్కరలేదనే అంటాను. పత్రికల్లో పునర్వినియోగం అనగానే మురుగునీరో ప్లాస్టిక్కో గుర్తొస్తుంది. ఒకసారి వాడేసిన దాన్ని మళ్లీ వాడడమని అర్థం. మీ ఇమేజి నుంచి వంద మెషీన్లు తీసినా అది ఇంకా వాడని సరుకే.

ఇక ప్రతిబింబం. తెలుగు మీడియంలో భౌతికశాస్త్రం చదివినవాళ్లకు నిజ ప్రతిబింబం, మిథ్యా ప్రతిబింబం అనే జంట బాగా తెలుసు. సమతల దర్పణంలో కనిపించేది మిథ్యా ప్రతిబింబం. మీరు మిథ్యనూ ప్రతిబింబాన్నీ ఒకే సమాసంలో పెట్టి, మధ్యలో యంత్రాన్ని ఇరికించారు. చదివేవాడు కటకాల పాఠంలోకి వెళ్లిపోతే వాడి తప్పేముంది? మీ తోటివాళ్లు నవ్వింది ఇందుకే అయ్యుండాలి. అర్థం ప్రకారం చూసినా కుదరదు. ఎదురుగా బింబం ఉన్నంతసేపే ప్రతిబింబం ఉంటుంది. డిస్క్ ఇమేజి అలా కాకుండా, ఏ మెషీన్ నుంచి తీశామో అది పోయినా ఫైలుగా మిగిలి ఉంటుంది. నిజానికి లింక్డ్ క్లోన్‌కు, అంటే మూల మెషీన్ డిస్కునే పంచుకుంటూ నడిచే నకలు మెషీన్‌కు, ఈ పేరు కొంత నప్పుతుంది. మూల డిస్కును చెరిపేస్తే దాని మీద ఆధారపడిన క్లోన్ లేవదు గదా! అలాగని దానికీ ఈ పేరు పెట్టమనడం లేదు.

‘ఇమేజి’ని ఇమేజిగానే ఉంచండి. హీరో ఇమేజ్, పార్టీ ఇమేజ్ అంటూ ఆ మాటను మనం పరువుప్రతిష్ఠలకు వాడుతున్న మాట నిజమే. కానీ టెస్టింగ్ ల్యాబులో ‘ఇమేజి పాడైంది’ అంటే ఎవరి పరువూ గుర్తురాదు. ‘మూస’ను తెలుగు వికీపీడియా టెంప్లేట్‌కు స్థిరపరిచింది. మీరూ దానికే వాడుకోవచ్చు. అయితే మూస కథ, మూస ధోరణి అనే నిందార్థం వెంట వస్తుందని మరచిపోకండి.

మళ్లీ మళ్లీ నకళ్లు తీయడానికి సిద్ధం చేసి పెట్టుకునే ఆ ప్రత్యేకమైన ఇమేజి పేరు మైక్రోసాఫ్ట్ పత్రాల్లో గోల్డెన్ ఇమేజ్, వర్చువల్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లు చేసే సిట్రిక్స్ పత్రాల్లో మాస్టర్ ఇమేజ్. బంగారు ఇమేజి అంటే బంగారు తల్లి, బంగారు కొండ వరసలో ముద్దు మాటలా ఉంటుంది. మనకు అంతకంటే సరైన మాట ఒకటి చేతిలోనే ఉంది: శుద్ధప్రతి. చిత్తుప్రతిని సరిచూసి, దిద్ది, ఇక దీన్నుంచే నకళ్లు తీయవచ్చు అని తేల్చినది శుద్ధప్రతి. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను పెట్టి రాతప్రతులు పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ పనికీ మీ పనికీ పోలిక పైపైది కాదు. తాళపత్ర గ్రంథం చివర లేఖకుడు తన పేరు, రాసిన సంవత్సరం వేసుకోవడం రివాజు. తర్వాతి లేఖకుడు దాన్ని కూడా ఎత్తి రాస్తే ఏ ప్రతి ఎవరిదో తేల్చలేక పరిష్కర్తలు తల పట్టుకుంటారు. మీ దగ్గర ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మెషీన్‌లో మెషీన్ ఐడీని, అంటే ఆ మెషీన్ సొంత గుర్తింపు సంఖ్యను, ఖాళీ చేయకుండా క్లోన్లు తీస్తే, అన్నీ ఒకే గుర్తింపు చూపించి నెట్‌వర్క్‌లో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ నుంచి ఒకే ఐపీ అడ్రసు తెచ్చుకుని కొట్టుకుంటాయి. విండోస్‌లో ఇమేజి తీయడానికి మెషీన్‌ను సిద్ధం చేసే సిస్‌ప్రెప్ అనే ఉపకరణాన్ని ‘జనరలైజ్’ ఎంపికతో నడిపేది కూడా కంప్యూటర్ పేరు, భద్రతా గుర్తింపు సంఖ్య లాంటి సొంత ఆనవాళ్లు తుడిచేయడానికే. అందుకే శుద్ధప్రతిలో ‘శుద్ధ’ అలంకారానికి పెట్టింది కాదు.

అయితే ఆ శుద్ధి ఎవరు చేయాలి? మీ రెండో దోషం ఇక్కడే పనిని చెడగొడుతుంది. ‘ప్రతిబింబాలను సిద్ధపరచబడవలెను’లో ‘ను’ ఉండకూడదు. కర్మణి ప్రయోగంలో కర్మ ప్రథమా విభక్తిలోకి వస్తుంది. ‘ను’ తీసేస్తే వ్యాకరణం కుదురుతుంది గానీ వాక్యం ఎవరితో మాట్లాడుతోందో తెలియదు. సిట్రిక్స్‌లో ఒక ఇమేజి నుంచి మెషీన్లను తనే తయారుచేసే మెషీన్ క్రియేషన్ సర్వీసెస్ వాడేటప్పుడు మాస్టర్ ఇమేజి మీద సిస్‌ప్రెప్ నడపవద్దని ఆ సంస్థే చెబుతుంది. కొత్త మెషీన్ల గుర్తింపు సంగతి ఆ సర్వీసే చూసుకుంటుంది. అలాకాక మనమే చేత్తో విండోస్ ఇమేజి తయారుచేసి మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో పెట్టుకునేటప్పుడు మామూలుగా సిస్‌ప్రెప్ నడపాల్సింది మనిషే. గైడులో ‘గుర్తింపు తొలగించబడవలెను’ అని ఉంటే కొత్తగా చేరిన కుర్రాడు అక్కడా నడుపుతాడు, ఇక్కడా నడుపుతాడు, లేదా రెండు చోట్లా ఊరుకుంటాడు. మనిషి చేసే పనికి ‘చేయండి’ అని రాయండి. సాఫ్ట్‌వేర్ చేసే పనికి దాని పేరు కర్తగా పెట్టి ‘చేస్తుంది’ అని రాయండి. గైడు మొత్తంలో ఒక్క ‘బడు’ కూడా లేకపోయినా నష్టం లేదు. కనబడడం, నిలబడడం లాంటివి వేరు, వాటి జోలికి వెళ్లకండి.

అరువు మాటల చివర ఇబ్బంది పడక్కర్లేదు. కాలేజీలు, గ్యారేజీల దారిలోనే ఇమేజీలు. ఓట్లు, కోట్లలాగే టెంప్లేట్లు, స్నాప్‌షాట్లు (మెషీన్ ఆ క్షణంలో ఉన్న స్థితిని దాచి, తర్వాత అక్కడికే తిరిగి వెళ్లడానికి తీసేవి). ఫోన్లు ఉన్నాయి కాబట్టి క్లోన్లు. ‘మిషన్’ అని మాత్రం రాయకండి. కుట్టు మిషన్‌కు చెల్లింది గానీ, మిషన్ భగీరథ వచ్చాక కాగితం మీద ఆ మాట పథకాల సొత్తయింది. మెషీన్ అనండి. ‘వర్చువల్’కు తెలుగు మాట వెతకనే వద్దు.

మీ వాక్యాన్ని సిస్‌ప్రెప్ పద్ధతికి నేనైతే ఇలా విడగొడతాను: ‘పరీక్ష మొదలుపెట్టే ముందు ఒక వర్చువల్ మెషీన్‌లో విండోస్, అప్‌డేట్లు, కావలసిన అప్లికేషన్లు వేసి శుద్ధప్రతి తయారు చేసుకోండి. సిస్‌ప్రెప్ నడపడానికి ముందు మెషీన్‌ను ఆపి స్నాప్‌షాట్ తీయండి. తర్వాత మెషీన్‌ను మళ్లీ ఆన్ చేసి సిస్‌ప్రెప్‌ను ‘జనరలైజ్’తో నడపండి. పని ముగిశాక అది మెషీన్‌ను ఆపేసేలా ఎంచుకోండి. ఆగిన మెషీన్‌ను మళ్లీ ఆన్ చేయకుండా ఇమేజి తీయండి.’

ఇందులో ‘ముందు’ అన్నమాట ఎవరైనా కొట్టేయబోతే ఒప్పుకోకండి. స్నాప్‌షాట్ సిస్‌ప్రెప్ తర్వాత తీస్తే, వచ్చే నెల అప్‌డేట్లు వేద్దామని మెషీన్ తెరిచినప్పుడల్లా విండోస్ కొత్త కంప్యూటర్‌లా ప్రాంతం, కీబోర్డు అడుగుతూ కూర్చుంటుంది.