మాల్దీవుల దీవికి సోలార్ పని మీద వెళ్తున్న శిరీషకు

చి. శిరీషకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు మాల్దీవుల్లో ఉద్యోగం ఒప్పుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. రాజధాని మాలేలో కూడా కాదట, దక్షిణాన ఎక్కడో చిన్న దీవిలో. డీజిల్ పవర్‌హౌస్‌కి సోలార్ కలిపే పని, సైటు బాధ్యత మొత్తం నీదేనట. ముందు గర్వపడ్డాను, తర్వాత భయపడ్డాను. గర్వం సంగతి మీ పెద్దమ్మకి చెప్పుకున్నాను. భయాలు నీకు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

పాస్‌పోర్టు, పర్మిట్, ఇన్సూరెన్స్ లాంటివి నాకంటే నీకే బాగా తెలుసు. అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. శుక్రవారం ప్రార్థన వేళ గానీ, రంజాన్‌లో ఇఫ్తార్ ముందు గానీ కరెంటు ఆపే పని పెట్టుకోకు. షట్‌డౌన్ కావాలంటే ఐలాండ్ కౌన్సిల్‌కి ముందే చెప్పు, హెల్త్ సెంటర్‌లో టీకాల ఫ్రిజ్‌కి ఏర్పాటు చూడు. అంతే.

అసలు విషయానికి వస్తాను. నువ్వు చదివింది, ఇన్నాళ్లూ పని చేసింది మన గ్రిడ్ మీద. 2024 మే 30న మన దేశపు డిమాండు 250 గిగావాట్లు తాకింది. నువ్వు వెళ్లే దీవి పీకు (గరిష్ఠ డిమాండు) మహా అయితే 250 కిలోవాట్లు ఉంటుంది. పది లక్షల వంతు! ఇక్కడ నువ్వు ఒక మెగావాట్ ప్లాంటు ఆపినా గ్రిడ్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అక్కడ ఐస్ ప్లాంటు కంప్రెసర్ స్టార్టయితే ఊరంతా లైట్లు ఒకసారి కునుకు తీస్తాయి. ఆ దేశంలో మనుషులుండే దీవులు 180కి పైగా ఉన్నాయి. చాలావాటికి దేనికదే పవర్‌హౌస్, పక్క దీవి నుంచి వైరు లేదు. నీ దగ్గర పోతే ఇంకెక్కడి నుంచీ రాదు. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే మిగతా సగం జాగ్రత్తలు వాటంతటవే వస్తాయి.

ఇప్పుడు చెప్పబోయే తప్పు చాలా పాతది. చిన్న దీవుల్లో సోలార్ మొదలైనప్పటి నుంచీ జరుగుతోంది, తెలివైనవాళ్లే చేస్తున్నారు. పెట్టెలోంచి తీసిన ఇన్వర్టర్‌ని (ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే పరికరాన్ని), ఫ్యాక్టరీలో ఏ దేశపు సెట్టింగు ఉంటే ఆ సెట్టింగుతోనే, డీజిల్ ఇంజనుకి జత చేసేయడం.

లెక్క చూడు. మధ్యాహ్నం ఊరి లోడు 200 కిలోవాట్లు. నడుస్తున్న ఇంజను 250 కిలోవాట్లది, 4 శాతం డ్రూప్‌లో ఉంది. అంటే ఫుల్ లోడు నుంచి సున్నా లోడుకి వస్తే స్పీడుతో పాటు కరెంటు ఫ్రీక్వెన్సీ 2 హెర్ట్జ్ ఎక్కుతుంది, కిలోవాట్‌కి 0.008. ఆపరేటర్ పొద్దున 200 లోడు మీద ఫ్రీక్వెన్సీని సరిగ్గా 50కి తెచ్చి టీకి వెళ్లాడు. ఎండ ఎక్కింది. నీ సోలార్ 25 కిలోవాట్లు ఇచ్చేసరికి ఇంజను మీద లోడు అంత మేర తగ్గి, ఫ్రీక్వెన్సీ 50.2కి చేరింది. ఇన్వర్టర్‌లో 50.2 దగ్గర ఆగమనే పాత జర్మన్ సెట్టింగు ఉంటే అక్కడితో సరి, ఆరు ఇన్వర్టర్లూ ఒక్కసారే ఆగిపోతాయి. (ఆ 50.2 నియమంతో జర్మనీవాళ్లే భయపడ్డారు. దేశంలో ఉన్న సోలారంతా ఒకే క్షణంలో పడిపోతే యూరప్ గ్రిడ్ ఏమవుతుందని, పాత ఇన్వర్టర్ల సెట్టింగులు కూడా మార్పించారు.) సోలార్ పోయింది కాబట్టి లోడంతా తిరిగి ఇంజను మీద పడి, ఫ్రీక్వెన్సీ 50కి దిగింది. ఇన్వర్టర్లు అరవై సెకన్లు లెక్కపెట్టుకుని, అంతా బాగుందనుకుని మళ్లీ ఆరూ కలిసి ఎక్కుతాయి. మళ్లీ 50.2, మళ్లీ ఆగుడు. సాయంత్రం దాకా ఇదే తంతు. 150 కిలోవాట్ల ప్లాంటు నెలకి పావలా వంతు కూడా ఇవ్వదు. ‘ప్యానెళ్లు నాసిరకం’ అని ఊళ్లో పేరొస్తుంది.

ఆపైన ఆపరేటర్ తన తెలివి చూపిస్తాడు. గవర్నర్ (ఇంజను స్పీడు సర్దే భాగం) తిప్పి స్పీడు కిందకి దించుతాడు. సోలార్ ఆగకుండా నడుస్తుంది, అందరూ సంతోషిస్తారు. 130 కిలోవాట్లు ఎండ నుంచి వస్తున్న వేళ ఒక మబ్బు వస్తుంది. దీవి పొడవు కిలోమీటర్ లేదు, నీ ప్యానెళ్లన్నీ ఒక స్కూలు కప్పు మీద ఉన్నాయి. మబ్బు నీడ సెకనుకి పది మీటర్లు కదిలితే నలభై మీటర్ల కప్పు మొత్తం నాలుగు సెకన్లలో కప్పేస్తుంది. వందకి పైగా కిలోవాట్లు ఇంజను మీద ఒక్కసారి పడతాయి. అసలే కిందకి దించిన ఫ్రీక్వెన్సీ 49 కంటే దిగువకి పోతుంది, మిగిలిన కాస్త సోలార్ కూడా అండర్‌ఫ్రీక్వెన్సీలో ట్రిప్పవుతుంది, దాని వెనకే బ్రేకరు. ఊరు చీకటి. మన రాజస్థాన్ ప్లాంట్లలో ఒక మూల మబ్బు పడితే ఇంకో మూల ఎండ ఉంటుంది. నీకు అక్కడ ఇంకో మూల లేదు తల్లీ.

కాబట్టి ఇన్వర్టర్‌లో ‘ఐలాండ్’ లేదా ‘ఆఫ్‌గ్రిడ్’ సెట్టింగు పెట్టించు. పేరు చూసి నమ్మకు, అంకెలు చూడు. 50.5 నుంచి పవర్ కొద్దికొద్దిగా తగ్గుతూ 52 దగ్గర సున్నాకి రావాలి. పూర్తిగా ఆగడం 53 దగ్గర. కింద వైపు కనీసం 47 దాకా ఓర్చుకోవాలి. ఇంజను రిలేల (రక్షణ కోసం ఆపేసే స్విచ్చుల) సెట్టింగులు పక్కన పెట్టుకుని సరిచూడు, ఫ్రీక్వెన్సీ పెరిగినప్పుడు ఇన్వర్టర్ కంటే ఇంజను ముందు ట్రిప్పవకూడదు. ఫ్రీక్వెన్సీ మారే వేగాన్ని చూసి ఆపే రక్షణను చిన్న గ్రిడ్‌కి తగ్గట్టు బాగా వదులు చెయ్యి, లేకపోతే ఐస్ ప్లాంటు స్టార్టయిన ప్రతిసారీ ఆగుతుంది. తిరిగి ఎక్కే టైమర్లు ఆరింటికీ ఆరు రకాలుగా ఉండాలి: 60, 90, 120 అలా. ఎక్కడం నిమిషానికి పది శాతం చొప్పున.

ఐసోక్రనస్ గవర్నర్ (లోడు ఎంతున్నా స్పీడు మారనివ్వనిది) ఉంది కదా, మాకు ఈ గొడవ లేదు అంటారు. ఒక్క ఇంజను నడిచినంతసేపు నిజమే, అదీ స్థిరంగా ఉన్నప్పుడు. పెద్ద లోడు ఒక్కసారి పోయినప్పుడు ఐసోక్రనస్ అయినా 51 ముట్టి వస్తుంది. పాత ఇంజన్లు రెండు కలిపి నడిపితే డ్రూపే దిక్కు.

ఇంజనుకి 30 శాతం కంటే తక్కువ లోడు పెట్టకు. నీ 250కి ఆ గీత 75. అంతకంటే దిగితే సిలిండర్ వేడెక్కదు, డీజిల్ పూర్తిగా మండదు. లైనర్ గాజులా నున్నబడి ఆయిల్ పట్టదు, సైలెన్సర్ కీళ్ల దగ్గర నల్లటి జిడ్డు కారుతుంది. ఆ జిడ్డు కనబడితే ఇంజను నీతో మాట్లాడుతోందని అర్థం. రెండు మూడు గంటలు 70, 80 శాతం మీద నడిపించు. ఇంకా ఘోరం, సోలార్ ఊరి లోడుని దాటితే ఇంజను మోటారై తిరుగుతుంది, రివర్స్ పవర్ రిలే కొడుతుంది. దీన్ని ఆపడానికే సోలార్-డీజిల్ కంట్రోలర్ పెడతారు. దాని సీటీ (కరెంటు కొలిచే కాయిల్) తిరగేసి తగిలిస్తే తగ్గించాల్సినప్పుడు పెంచుతుంది. కంట్రోలర్‌కీ ఇన్వర్టర్లకీ మధ్య సమాచారం మోసే ఆర్ఎస్-485 కేబులు జంటగా మెలేసినది వాడు, షీల్డు ఒక కొసనే ఎర్త్ చెయ్యి, రెండు చివర్లా 120 ఓమ్ రెసిస్టర్లు మరవకు. ఇవన్నీ అయ్యాక ఆ కేబులు చేత్తో పీకి చూడు. ఇన్వర్టర్లు తమంతట తాము ముందే పెట్టిన తక్కువ పరిమితికి దిగాలి. దిగకపోతే కమిషనింగ్ కాగితం మీద సంతకం పెట్టకు, ఎవడు అరిచినా సరే.

సోలార్ ఉంది కదా అని పగలు పెద్ద ఇంజను ఆపి వంద కిలోవాట్ల చిన్నదాన్ని నడుపుదామంటారు. డీజిల్ మిగులుతుంది, నిజం. మంచి లోడు మీద ఇంజను లీటరుకి మూడున్నర యూనిట్లు ఇస్తే, తేలిక లోడు మీద రెండున్నరకి పడిపోతుంది. కానీ 70 మోస్తున్న చిన్న ఇంజను మీద మబ్బు వేళ ఇంకో వంద పడితే ఏం చేస్తుంది? అక్కడ బ్యాటరీ కావాలి. రెండో ఇంజను స్టార్టయి సింక్రనైజ్ అవడానికి నిమిషం. జాగ్రత్తకి అయిదు నిమిషాలనుకో. వంద కిలోవాట్లు అయిదు నిమిషాలంటే ఎనిమిది తొమ్మిది యూనిట్లు, అంతే! అమ్మేవాళ్లు యూనిట్లు ఎక్కువ చూపిస్తారు, నువ్వు కిలోవాట్లు అడుగు. సెకనులోపు ఎంత ఇవ్వగలదు, ఇంజన్లన్నీ ఆగినా తనే ఫ్రీక్వెన్సీ నిలబెట్టగలదా, అది అడుగు. రాత్రంతా బ్యాటరీ మీద నడపడం వేరే లెక్క, వేరే డబ్బు. పసిఫిక్‌లో టోకెలావ్ 2012లో మూడు దీవులకీ సోలార్ పెట్టుకుంది. 4,032 ప్యానెళ్లు, 1,344 బ్యాటరీలు. వాళ్లు కూడా డీజిల్ జనరేటర్లను పారేయలేదు, మబ్బు రోజులకి ఉంచుకున్నారు.

మధ్యాహ్నం ఎండ మిగిలితే వృథా చేయకు. ఊళ్లో ఆర్ఓ ప్లాంటు, ఐస్ ప్లాంటు ఉంటే వాళ్లతో మాట్లాడి రాత్రి నడిపేది పగటికి మార్పించు. నీళ్లు, ఐసు కూడా నిల్వే కదా. అక్కడ నీళ్లకీ కరెంటుకీ బంధం ఎంతటిదో 2014 డిసెంబరులో మాలే చూసింది. ఉప్పునీరు శుద్ధిచేసే ప్లాంటులో మంటలొచ్చి రాజధాని గొంతెండితే మన విమానాలు, నౌకలు నీళ్లు మోశాయి.

ఇక ఉప్పు. విశాఖ బీచ్ రోడ్డులో ఇళ్ల కిటికీ ఊచలు గుర్తున్నాయా? నీ దీవిలో ప్రతి ఇల్లూ బీచ్ రోడ్డు మీదే ఉంటుంది. బోల్టులు 316 గ్రేడు స్టీలువే తెప్పించు, 304 చాలదు. స్టీలు నట్టుకి పేస్టు రాయకుండా బిగిస్తే సగంలో పట్టేసి ఊడదు, కోయాల్సిందే. అల్యూమినియం ఫ్రేముకీ ఇనుప స్ట్రక్చర్‌కీ మధ్య ప్యాడ్ పెట్టించు. ఉప్పు, మంచు కలిస్తే పొద్దున్నే ఇన్సులేషన్ తక్కువ చూపించి ఇన్వర్టర్ తొమ్మిది దాకా లేవదు. ఫాల్టు వెతుక్కుంటూ తిరక్కు, ముందు వాన నీళ్లతో ప్యానెళ్లు, కనెక్టర్లు కడిగి చూడు. వాలు విషయంలో పుస్తకం వద్దు. భూమధ్యరేఖ దగ్గర లెక్క ప్రకారం పడుకోబెట్టినా ఫరవాలేదు గానీ పది డిగ్రీలు ఉంచు, వానకి మురికి జారిపోవాలి.

కనెక్టర్లు ఒక కంపెనీ మగదీ ఇంకో కంపెనీ ఆడదీ కలపకు. సరిపోయినట్టే ఉంటాయి, లోపల వేడెక్కి కాలతాయి. సోలార్ కప్పుల మీద కొన్ని మంటలు ఇక్కడే మొదలవుతాయి. డీసీ అంటే నాకు భయం, దాచుకోను. ఏసీ ఆర్కు (తీగల మధ్య ఎగిరే నిప్పు) సెకనుకి వందసార్లు సున్నాకొచ్చి ఆరే వీలుంటుంది. డీసీ ఆరదు. ఎండ ఉన్నంతసేపు స్ట్రింగు (వరసగా కలిపిన ప్యానెళ్లు) బతికే ఉంటుంది, ఇన్వర్టర్ ఆపినా సరే. లోడు మీద కనెక్టరు ఊడదీయకు, ముందు క్లాంప్ మీటర్‌తో కరెంటు సున్నా అని చూడు. కప్పు మీదకి ఒంటరిగా ఎక్కకు. నీకు చెబితే ‘అలాగే పెదనాన్నా’ అంటావు, ఎక్కుతావు. పిచ్చిదానా, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పోవాలంటే పడవో, సీప్లేనో. నైరుతి రుతుపవనంలో సముద్రం లేస్తే పడవా ఉండదు.

స్పేర్లకీ అదే లెక్క. ఒక ఇన్వర్టర్, రెండు ఫ్యాన్లు, సర్జ్ అరెస్టర్లు, ఫ్యూజులు, ఇరవై జతల కనెక్టర్లు, ఒక కంట్రోలర్ కార్డు సైటులోనే ఉండాలని కాంట్రాక్టులో రాయించు. మాలే గోడౌనులో ఉన్నది నీది కాదు.

పవర్‌హౌస్ ఆపరేటర్లని ‘డిప్లొమావాళ్లు’ అని తేలిగ్గా చూడకు. ఆ ఇంజను దగ్గు వాళ్లకే తెలుసు. గవర్నర్ ఎవరు ఎప్పుడు తిప్పారో రాసే లాగ్‌బుక్కు ఒకటి పెట్టించు, మొదటి నెల నువ్వే రాయి.

మీ అమ్మ ఆవకాయ మూడు కిలోలు కడతానంటోంది. ఒక కిలో చాలని చెప్పు, మిగతా బరువుకి టార్క్ రెంచి, కనెక్టర్ కంపెనీవాడి అసలు క్రింపింగ్ టూలు, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టుకో. అవి చేతిసంచిలో పెట్టకు, సెక్యూరిటీలో లాక్కుంటారు. దిగాక ఇన్వర్టర్ సెట్టింగుల పేజీ ఫొటో తీసి నాకు పంపు.

మీ పెదనాన్న