సంఘం కంటే ముందు జాబితా

చెల్లెకు,

పాలమూరు, నల్లగొండ వైపు మెడికల్ లైబ్రేరియన్లకు ఒక సంఘం ఉండాలని నువ్వు తలపెట్టినందుకు చాలా సంతోషం. బైలాస్ నమూనా పంపమన్నావు. పంపుతాను గానీ దానికి తొందరేమీ లేదు. లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు, ప్రారంభోత్సవం, శాలువాలు అంటూ మొదలైన సంఘం రెండో ఏడు సర్వసభ్య సమావేశానికి కోరం లేక ఆగిపోతుంది. ఒక కాలేజీలో లేని వ్యాసాన్ని ఇంకో కాలేజీ నుంచి సాయంత్రంలోగా తెప్పించుకునే ఏర్పాటు ముందు చెయ్యి. అవసరమే మనుషుల్ని పట్టి ఉంచుతుంది. 1898లో ఫిలడెల్ఫియాలో నలుగురు లైబ్రేరియన్లు, నలుగురు డాక్టర్లు కూర్చుని పెట్టుకున్న మెడికల్ లైబ్రేరియన్ల సంఘం కూడా అట్లా మొదలైందే. తమ దగ్గర అదనంగా ఉన్న జర్నల్ సంచికల్ని లేనివాళ్లకు పంపుకోవడమే వాళ్ల మొదటి పని. అది ఈనాటికీ మెడికల్ లైబ్రరీ అసోసియేషన్ పేరుతో నడుస్తోంది. ఆ లెక్కలోని డాక్టర్లను మరవకు. మన సంఘంలోనూ ప్రతి కాలేజీ నుంచి లైబ్రరీ కమిటీలో ఉన్న ఒక ప్రొఫెసర్ సలహాదారుగా ఉండాలి. ప్రిన్సిపాల్ దగ్గర మన ఫైలు కదిలేది వాళ్ల మాట మీదే.

మన దగ్గర ఎవరెవరున్నారో చూడు. ప్రభుత్వ కాలేజీలు మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో మొదలయ్యాయి. తర్వాత గద్వాల, నారాయణపేట, యాదాద్రి వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. వీటన్నిటికన్నా ముందే నార్కట్‌పల్లిలో కామినేని, పాలమూరులో ఎస్‌వీఎస్ అనే ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. మొత్తం పదకొండు. కొత్త కాలేజీలో పాత సంపుటాలు ఉండవు, ఉండమంటే ఎక్కడి నుంచి వస్తాయి? ప్రభుత్వ కాలేజీలకేమో 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, తెరుచుకున్నాయి. ప్రైవేటు కాలేజీలు ఆ పథకంలో లేవు. ఒకరి దగ్గర బైండు చేసిన పాత కాగితం, ఇంకొకరి దగ్గర కొత్త తెర. ఇచ్చిపుచ్చుకోవడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

అందుకే మొదటి పని ఉమ్మడి జర్నళ్ల జాబితా. ఒకే ఎక్సెల్ షీటు, అందరికీ అవే గడులు: జర్నల్ పూర్తి పేరు, ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య), ఏ కాలేజీ, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, మధ్యలో లేని సంచికలు, కాగితమా ఎలక్ట్రానిక్కా, బైండు అయిందా, ఎవరిని అడగాలి. ఎక్కువ గడులు పెట్టొద్దు. పెడితే నింపరు.

చెడేది ఎక్కడో కూడా చెబుతాను. పేరు మీద ఎప్పుడూ నమ్మకం పెట్టుకోకు. ‘ఇండియన్ పీడియాట్రిక్స్’ వేరు, ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్స్’ వేరు. మొదటి దాని ఐఎస్ఎస్ఎన్ 0019-6061, రెండో దానిది 0019-5456. రెండింటినీ ఒకే వరుసలో కలిపేశారంటే అడిగినవాళ్లకు అడగని వ్యాసం పోతుంది. ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ 1988లో ‘బీఎంజే’ అయింది, కాబట్టి పాత పేరుకు ఒక వరుస, కొత్త పేరుకు ఒక వరుస రాసి, ఒకదాని కింద ఒకటి చూడమని గుర్తు పెట్టు. అచ్చు ప్రతికి ఒక ఐఎస్ఎస్ఎన్, ఆన్‌లైన్ ప్రతికి ఇంకొకటి ఉంటాయి, రెండూ రాయాలి. మధ్యలో గీత లేకుండా అంకెలు కొడితే ఎక్సెల్ దాన్ని లెక్క అనుకుని మొదటి సున్నాలను మింగేస్తుంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చి మొదలుపెట్టండి. చివరి అంకె స్థానంలో ఎక్స్ అక్షరం కనపడితే తప్పు అచ్చనుకుని దిద్దకండి, అది అట్లాగే ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు ‘2001 నుంచి నేటి వరకు’ అని రాసేయడం. చందాల రిజిస్టర్ చూసి రాస్తే ఇదే జరుగుతుంది, ఎందుకంటే చందా కట్టిన సంగతే దానికి తెలుసు, సంచిక వచ్చిన సంగతి తెలియదు. కార్డెక్స్ (వచ్చిన సంచికల్ని గుర్తు పెట్టే కార్డులు) గానీ సీరియల్స్ రిజిస్టర్ (జర్నళ్ల రిజిస్టర్) గానీ పట్టుకుని అల్మారా ముందు నిలబడి, సంపుటం సంపుటం వేలు పెట్టి చూడాలి. ఇద్దరు మనుషులు, ఒకరు చదవడం, ఒకరు రాయడం. రోజుకు రెండు గంటలు పెట్టుకుంటే మోస్తరు లైబ్రరీ రెండు వారాల్లో అయిపోతుంది. బైండింగుకు పోయిన కట్ట తిరిగొచ్చిందో లేదో కూడా అప్పుడే బయటపడుతుంది. ఆరు నెలలకోసారి, జనవరిలో, జూలైలో, జాబితాను సరిచేయాలి. షీటు మార్చే అధికారం ఒక్కరికే ఉండాలి, మిగతావాళ్లు మార్పులు పంపాలి. పదకొండు మంది పదకొండు చేతులు పెడితే ఏది అసలు ప్రతో ఎవరికీ తెలియదు.

ఇక వ్యాసాల మార్పిడి. అడిగేవాళ్లు తప్పనిసరిగా ఇవ్వాల్సినవి: పబ్‌మెడ్ (వైద్య వ్యాసాలు వెతికే ఉచిత ఆన్‌లైన్ సూచిక) నంబరు గానీ డీఓఐ (వ్యాసానికి ఉండే శాశ్వత గుర్తింపు) గానీ, మొదటి రచయిత, జర్నల్, సంవత్సరం, సంపుటం, పేజీలు, ఎప్పటిలోగా కావాలి. ‘ఫలానా జబ్బు మీద ఏదైనా మంచి వ్యాసం పంపండి’ అంటే వెనక్కి పంపాలి. మొహమాటపడొద్దు. అడిగేముందు పూర్తి వ్యాసాలు ఉచితంగా ఉంచే పబ్‌మెడ్ సెంట్రల్లో, జర్నల్ సొంత సైటులో ఉచితంగా ఉందేమో చూసుకోవాలి. భారతీయ జర్నళ్లు చాలావరకు ఉచితమే, చూడకుండా అడగడం వల్లే సగం అడగడాలు. ఎవరు జవాబివ్వాలో వారాల వంతు వేయండి. వంతు లేకపోతే ‘ఇంకెవరో ఇస్తారులే’ అని పదకొండు మందీ ఊరుకుంటారు. ‘ఉంది’ లేదా ‘లేదు’ అన్న మాట నాలుగు గంటల్లో రావాలి, వ్యాసం ఒక రోజులో. వార్డులో రోగి కోసమైతే ఆ మాట అడగడంలోనే రాయాలి, అప్పుడు చేతిలో పని పక్కన పెట్టి చూడాలి. లేదని చెప్పడం కూడా సాయమే, అడిగినవాళ్లు వెంటనే ఇంకో దారి చూసుకుంటారు. ఇక్కడెక్కడా లేనిదాన్ని ఢిల్లీలోని నేషనల్ మెడికల్ లైబ్రరీని అడగవచ్చు.

చట్టం సంగతి పైలం. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత చదువుకు, పరిశోధనకు న్యాయమైన వాడకాన్ని ఒప్పుకుంటుంది. ఒక మనిషికి, ఒక అవసరానికి, ఒక వ్యాసం అనేది దాని లోపలే ఉంటుంది. మొత్తం సంచికను వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఉండదు. అందుకే గ్రూపులో అడగడం, జవాబు మాత్రమే నడవాలి, ఫైలు అడిగిన ఒక్కరికే మెయిల్లో పోవాలి. ఎలక్ట్రానిక్ జర్నల్ అయితే ఆ ప్రచురణకర్తతో ఉన్న లైసెన్సు బయటి లైబ్రరీకి ఇవ్వనిస్తుందో లేదో చూసి, ఆ మాట జాబితాలోనే రాసి పెట్టండి. పాస్‌వర్డు మాత్రం ఎంత దగ్గరివాళ్లకైనా ఇవ్వొద్దు. ఒకేసారి వందల వ్యాసాలు డౌన్‌లోడ్ అయితే ప్రచురణకర్త సర్వరు దాన్ని దొంగతనంగా లెక్కేసి కాలేజీ మొత్తానికి తలుపు మూసేస్తుంది. అప్పుడు పీజీలంతా నీ టేబులు ముందే నిలబడతారు.

శిక్షణ గురించి కాస్త వివరంగా రాస్తాను, సంఘానికి పేరు తెచ్చేది ఇదే. పబ్‌మెడ్ మీద ఉపన్యాసం పెట్టకండి. మూడు గంటలు, ఇరవై మంది, మనిషికో కంప్యూటరు, మన ప్రాంతపు ప్రశ్నలు. ఒకటి చూపిస్తాను. క్యాజువాలిటీ నుంచి ఒక హౌస్ సర్జన్ వచ్చి ‘గడ్డి మందు తాగిన కేసు, ఏదైనా చూసి పెట్టండి’ అంటాడు. అక్కడే వెతకడం మొదలుపెట్టకూడదు. మన పల్లెల్లో పారాక్వాట్‌నూ గడ్డి మందే అంటారు, గ్లైఫోసేట్‌నూ గడ్డి మందే అంటారు. రెండింటికీ చికిత్స దారులు వేరు, పారాక్వాట్‌కు విరుగుడు మందు లేనే లేదు. డబ్బా తెచ్చారా, లేబుల్ మీద మందు పేరు ఏముంది, ఎంత శాతం అని అడగమను. పారాక్వాట్ 24 శాతం అని తేలాక, రోగి వయసు, తాగి ఎంతసేపయింది, డాక్టరు తేల్చుకోవాల్సింది ఏమిటి, డయాలసిస్ సంగతా, స్టెరాయిడ్ల సంగతా అని అడగాలి. ఇంత అయ్యాకే కీబోర్డు మీద చెయ్యి.

వెతికేటప్పుడు మెష్ పదాన్ని (వ్యాసం విషయాన్ని చెప్పడానికి పెట్టే ప్రామాణిక శీర్షిక), మామూలు పదాన్ని ఆర్ (OR) తో కలపాలి. ఒక్క మెష్ మీదే ఆధారపడితే మెడ్‌లైన్‌లో (పబ్‌మెడ్‌లో ఎంపిక చేసిన జర్నళ్ల భాగం) లేని జర్నళ్ల వ్యాసాలు జారిపోతాయి, వాటికి మెష్ పదాలు పెట్టరు. మనవాళ్లు రాసిన కేసు రిపోర్టులు అట్లా జారిపోయేవాటిలోనే ఉంటాయి. ఆండ్, ఆర్, నాట్ (AND, OR, NOT) పెద్ద అక్షరాల్లోనే కొట్టాలి, చిన్న అక్షరాల్లో కొడితే పబ్‌మెడ్ వాటిని ఆజ్ఞలుగా తీసుకోదు. పదానికి కోట్స్ పెడితే అది తనంతట తాను సమానార్థక పదాలు వెతకడం ఆపేస్తుంది, కాబట్టి అవసరముంటేనే పెట్టాలి. దొరికినవాటిలో ముందు క్రమబద్ధ సమీక్షలు (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసేవి), తర్వాత ట్రయల్స్, చివరకు కేసు రిపోర్టులు. డాక్టరుకు నలభై వ్యాసాలు ఇవ్వకు, ఐదు ఇయ్యి. ఏ పదాలతో, ఏ తేదీన వెతికావో ఒక చీటీ జతచెయ్యి. చికిత్స మీద అభిప్రాయం చెప్పొద్దు, అది వాళ్ల పని. పాముకాటు, తేలుకాటు, పురుగుమందులు, ఫ్లోరోసిస్, ఈ నాలుగింటికీ ఇట్లా వెతుకుడు పద్ధతి ముందే రాసిపెట్టుకుని అన్ని కాలేజీలకూ పంచితే అర్ధరాత్రి ఫోనొచ్చినా తడుముకోరు.

ప్రమోషన్ల కోసం వ్యాసాలు అచ్చేయించే అధ్యాపకులు మీ దగ్గరికే వస్తారు. మెడ్‌లైన్, స్కోపస్, డీఓఏజే వంటి ఇండెక్సుల్లో ఉన్న జర్నళ్లనే నేషనల్ మెడికల్ కమిషన్ లెక్కలోకి తీసుకుంటుంది. ‘పబ్‌మెడ్‌లో కనిపించింది’ అన్నంత మాత్రాన ఆ జర్నల్ మెడ్‌లైన్‌లో ఉన్నట్టు కాదు. ఎన్ఎల్ఎం (అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్) క్యాటలాగ్‌లో జర్నల్ రికార్డు తెరిచి, ఇప్పుడు ఇండెక్స్ అవుతోందా, లేక ఏదైనా సంపుటంతో ఆగిపోయిందా అని చూడాలి. మంచి జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ కొట్టేసి దొంగ సైట్లు పెట్టేవాళ్లున్నారు కాబట్టి సైటు చిరునామా ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఉన్నదానితో సరిపోవాలి. జవాబులో ‘ఇది దొంగ జర్నల్’ అని రాయకు. ‘ఫలానా తేదీన ఫలానా చోట్ల చూశాం, ఇక్కడ ఉంది, ఇక్కడ లేదు’ అని రాసి సంతకం పెట్టు. జర్నల్‌కు డబ్బు కట్టకముందే రమ్మని ప్రతి విభాగానికీ ముందుగా ఒక సర్క్యులర్ పోవాలి, కట్టాక వచ్చి లాభం లేదు.

వర్గీకరణలో ఎన్ఎల్ఎం పద్ధతా, డ్యూయీనా అని వాదులాడుకుని మీటింగులు పాడు చేసుకోకండి. ఎవరి అల్మారాలు వాళ్లవే. విషయ శీర్షికలు మాత్రం అందరూ మెష్ నుంచే తీసుకుంటే చాలు, రేపు కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో అందరి క్యాటలాగులూ కలిపేటప్పుడు బాధ ఉండదు.

జనం కోసం కూడా ఒక పని పెట్టుకోండి, అది నాకు చాలా ఇష్టమైన పని. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్ గురించి తెలుగులో ఒక్క పేజీ కరపత్రం, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖల్లో పెట్టడానికి. చిన్న వాక్యాలు, 16 పాయింట్ల అక్షరం, ఒక బొమ్మ. కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్ చూసి సంతకం పెట్టాలి, కింద తేదీ ఉండాలి, రెండేళ్లకోసారి తిరిగి చూడాలి. తేదీ లేని ఆరోగ్య కరపత్రాన్ని గోడకు అంటించొద్దు.

ఆరు నెలలు ఈ మార్పిడి నడిచాక రిజిస్ట్రేషన్. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన ఏడుగురు చాలు. ఆశయాల పత్రం, నియమావళి, సభ్యుల వివరాలతో రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. ఆశయాల్లో మీరు అప్పటికే చేస్తున్నవే రాయండి. ఏటా సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లోగా కార్యవర్గ సభ్యుల పేర్లు దాఖలు చేయాలి. చాలా సంఘాలు మరిచిపోయేది ఇదే, తర్వాత బ్యాంకువాళ్లు కాగితం అడిగినప్పుడు గుర్తొస్తుంది. చందా మనిషికి ఏడాదికి 500 రూపాయలు పెట్టండి, చాలు. ఖాతా మీద కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి సంతకాలు ఉండాలి. పుస్తకాల షాపులవాళ్ల డబ్బుతో సదస్సులు పెట్టొద్దు. రేపు కొనుగోలు కమిటీలో వాళ్ల కొటేషన్లు చూసేది మీరే.

నల్లగొండ నుంచి పాలమూరుకు దేవరకొండ, కల్వకుర్తి మీదుగా వచ్చిపోయేసరికి రోజంతా బస్సులోనే అయిపోతుంది. నెల నెలా మీటింగు ఆన్‌లైన్‌లో, నలభై నిమిషాలకు మించకుండా పెట్టండి. ఏడాదికి రెండుసార్లు మాత్రం ఎదురెదురుగా, ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు. వచ్చినవాళ్లు ఆ లైబ్రరీ అల్మారాలు చూసిపోవాలి, జాబితాలో రాసిందీ అక్కడున్నదీ ఒకటేనా అని పది సంపుటాలు తీసి సరిపోల్చాలి.

ముందు నీ సీరియల్స్ రిజిస్టర్ తెరువు. ఈ వారంలో నీ కాలేజీ వరుసలు ఇరవై పూర్తి చేసి నాకు పంపితే గడులు సరిగా ఉన్నాయో లేదో చూసి చెబుతాను. ఆ తర్వాతే మిగతా పది కాలేజీలకు ఫోన్లు చేద్దువు.

ఆశీస్సులతో,
అన్న