58 కిలోల కుర్రాడు 51కి దిగొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు, కుస్తీ నేర్చుకుంటున్నాడు. బరువు 58 కిలోలు. నెలన్నరలో పోటీలున్నాయి. 51 కిలోల కేటగిరీలో దిగితే గెలుస్తాడని కోచ్ అంటున్నారు. వీడేమో రాత్రి తిండి మానేసి, ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెడుతున్నాడు. ఎంతవరకు తగ్గొచ్చు డాక్టర్ గారూ?
- ఒక తల్లి

జవాబు: ముందు ఆ జాకెట్ తీయించండమ్మా. దానివల్ల పోయేది నీరే, కొవ్వు కాదు. 1997లో అమెరికాలో ఇలాగే ఒళ్లు వేడెక్కించుకుని, చెమట కార్చి బరువు తగ్గబోయి ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు కొద్ది వారాల్లోనే చనిపోయారు.

ఎంత తగ్గొచ్చన్నది కోచ్ కంటితో చూసి చెప్పేది కాదు, ఒంట్లో కొవ్వును బట్టి లెక్కగట్టేది. మోచేతి పైభాగంలో వెనకవైపు, భుజం ఎముక కింద, పొట్ట దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో మడతపట్టి, కాలిపర్‌తో మందం కొలుస్తారు. మీవాడికి కొవ్వు 12 శాతం వచ్చిందనుకుందాం. 58లో కొవ్వు పోగా మిగిలేది 51 కిలోలు. అంటే కోచ్ అడుగుతున్న బరువులో కొవ్వు చుక్క కూడా ఉండదు! అమెరికా హైస్కూళ్లలో అబ్బాయిలకు 7 శాతం, అమ్మాయిలకు 12 శాతం కొవ్వు ఉండి తీరాలన్నది నియమం. ఆ లెక్కన కొవ్వు కానిది 93 శాతం, కాబట్టి 51ని 0.93తో భాగిస్తే 54.8. అదే మీవాడి కనీస బరువు.

ఈ కొలతలో రెండు మూడు శాతం తేడా రావడం మామూలే. కొవ్వు 15 శాతమని తేలినా కనీస బరువు 53 దగ్గర ఆగుతుంది, 51 కాదు. అదే 9 శాతమైతే 56.8 అవుతుంది, అప్పుడు 55 కేటగిరీ కూడా వద్దు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు కొలిస్తే కనీస బరువు ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. అందుకే ముందు మూత్రపరీక్ష చేస్తారు. సాంద్రత 1.025 దాటితే ఆ రోజు కొలవరు.

55 ఫర్వాలేదని తేలితే వారానికి ఒంటి బరువులో 1.5 శాతానికి, అంటే 850 గ్రాములకు మించకుండా తగ్గాలి. మూడు కిలోలకు నాలుగు వారాలు కావాలి, మీకు టైముంది. రాత్రి భోజనం మాత్రం మాన్పించకండి, ఎదిగే వయసు. నన్నడిగితే 60లోనే ఆడించమంటాను. ఈలోగా కళ్లు తిరిగినా, గుండె దడ వచ్చినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ప్రాక్టీసు ఆపేసి ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.