తలకోన వెళ్లే ముందు

చిరంజీవి వరుణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

డిసెంబరులో మిత్రులతో కారులో వస్తున్నావని, తిరుమల దర్శనం అయ్యాక తలకోన జలపాతం చూడాలనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. అక్కడ ఇప్పుడంతా వ్యాపారమేనట కదా, వెళ్లడం దండగేమో అని సందేహిస్తున్నావట. వ్యాపారం నిజమే. గేటు దగ్గర టికెట్లు, లోపల బజ్జీల బండ్లు, సెల్ఫీల గుంపులు. ఆదివారమైతే కారు నిలపడానికి జాగా దొరకదు. అయినా 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీటికి ఆ బండ్లతో పనేముంది? మంగళవారమో బుధవారమో పెట్టుకోండి, గేటు తెరిచే వేళకే చేరుకోండి. నెల మాత్రం మంచిదే ఎంచుకున్నావు. ఈశాన్య రుతుపవనాల వానలకు అప్పటికి కొండ కడుపునిండా తాగి ఉంటుంది. వేసవిలో వచ్చి, సన్నని ధార చూసి తిట్టుకుంటూ పోయినవాళ్లు ఎందరో.

తిరుపతి నుంచి సుమారు 60 కిలోమీటర్లు. చంద్రగిరి, రంగంపేట దాటాక భాకరాపేట ఘాట్ వస్తుంది. ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి, ఈ ఒక్కటి విను: ఎక్కే గేరులోనే దిగాలి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఎదుటివాడు హారన్ కొట్టినా కొట్టకపోయినా ప్రతి మలుపులో నువ్వు కొట్టు. తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడకముందే ఆ ఘాట్ దాటేయాలి. భాకరాపేటలో పీలేరు రోడ్డు వదిలి నెరబైలు వైపు తిరగండి. అడవిలో ఫోనును నమ్ముకోవద్దు, దారి ముందే చూసి పెట్టుకో.

సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర నుంచి నడకే. ఇక్కడే అందరూ తొందరపడతారు. చెట్ల మీదుగా పాకుతూ, మెలికలు తిరుగుతూ, తొడంత లావున ఒక తీగ కనిపిస్తుంది. గిల్లతీగ అంటారు. దాని కాయ రెండు మూరల పొడవు, గింజ రూపాయి బిళ్ల కంటే పెద్దది, నున్నగా గోధుమ రంగులో ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు చింతకాయే రాక్షస జన్మ ఎత్తిందనుకున్నాను. జలపాతం ధ్యాసలో జనం దీని కిందుగానే నడిచిపోతారు, తలెత్తి చూడరు. తాళ్ల వంతెన తెరిచి ఉంటే అదీ ఎక్కండి.

గుండంలోకి దూకవద్దు. ఒడ్డున కూర్చుంటే తుంపర్లు ఎలాగూ తడిపేస్తాయి. ఒకసారి నేను చెప్పులతోనే నాచు పట్టిన బండ ఎక్కి జారాను. మోచేయి చెక్కుకుపోయింది. లేచి చూసేసరికి నా కళ్లద్దాలు పట్టుకుని కోతి చెట్టు మీద కూర్చుంది! తిరుగు దారిలో కారు మీ నాన్నే నడిపాడు. ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతాడు.

పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంటోంది. సంచి పట్టుకుంటే కోతులు వదలవు కాబట్టి మూత బిగువుగా పడే స్టీలు డబ్బా ఇస్తుందట. మూతతో సహా తిరిగి తెచ్చివ్వాలి. పోయినసారి మీ అన్న తీసుకెళ్లిన డబ్బాకు మూత రాలేదు.

మీ పెదనాన్న,
తిరుపతి